పువ్వు పూసిందా పిన్నీ

జూలై 9, మంగళవారం

ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్ళు జనవరిలో మా నర్సరీ ఓనరు దొరబాబుగారికి ఇస్తే, ఆయన నాకెందుకమ్మా, నువ్వు రాసుకో అని నా బల్ల మీద పడేశారు. ఆర్నెల్లుగా దీని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాను. ఇవాళ రాయకపోతే మాత్రం పేలిపోతాను. అమ్మకి చెప్పలేను. అక్కకి అస్సలు చెప్పలేను.

భవ్య కన్ను చూపించడానికి రాజమండ్రి కళ్ళాసుపత్రికి వెళ్ళాం. (ముసలిదాన్నయ్యాక చదువుకుంటే గుర్తుండాలి కదా, అందుకని రాస్తున్నా. భవ్య మా అక్క లోవలక్ష్మి కూతురు, నాలుగేళ్ళు. అక్క భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో తలకాయలు తీసే పని, అక్కడే హాస్టలు. బావ సంగతి రాయను, కొత్త డైరీ పాడవుతుంది. పిల్ల అమ్మ దగ్గర ఉంటుంది. అంటే నా దగ్గరే.)

ల్యాబు గదిలో ఒకాయన ఉన్నారు. సన్నగా, పొడుగ్గా. కంట్లో పుసి తియ్యడానికి దూదిపుల్ల పట్టుకుని వంగి, "భవ్యగారూ, ఒక్కసారి పైకి చూడండి, పైన బల్లి ఉంది" అన్నారు. నాలుగేళ్ళ పిల్లని పట్టుకుని గారూ అని, చూడండి అని! మా ఇంట్లో దాన్ని ఒసే, దొంగమొహమా అని తప్ప పిలిచినవాళ్ళు లేరు. అది ఏడుపు మానేసి బల్లి కోసం వెతికింది. నేనూ వెతికాను. బల్లి లేదు. ఆయన నవ్వారు. అంతే, నా పని అయిపోయింది.

డాక్టరు రెబెక్కాగారు మంచావిడే గాని నవ్వరు. భవ్య కుడికన్ను నల్లగుడ్డు మీద పుండు పడిందన్నారు. ఇంతకుముందు ఏం మందు వేశారని అడిగితే ఉన్నమాట చెప్పాను. మా వరస ఇళ్ళలో ఎవరికి కళ్ళకలక వచ్చినా నీలం మూత సీసా ఒకటి ఇల్లిల్లూ తిరుగుతుంది, అది అయిపోతే మందుల షాపులో ఇంకోటి తెస్తాం, ఎరుపు తగ్గగానే ఆపేస్తాం. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తర్వాత, కంట్లో ఇంకేమైనా వేస్తున్నారా, ఆకు పసరు, చనుబాలు, తేనె లాంటివి, అన్నారు. లేదండి, ఏమీ వెయ్యమండి అన్నాను. నిజమే కదా. మేం అంత మొరటువాళ్ళమేం కాదు.

బరువు చూసి, నాలుగేళ్ళ పిల్లేనా అన్నారు. చలికాలంలో తట్టు పోసింది, అప్పట్నించీ చిక్కిందండి అన్నాను. ఏం తింటుందన్నారు. అన్నీ తింటుందండి అన్నాను. అన్నీ అంటే టీలో బన్ను, కారప్పూస, పుల్ల ఐసు. అవీ తిండేగా.

ఆయన పేరు అడగలేదు. ఎంత మొద్దుమొహాన్నో.

జూలై 10, బుధవారం

రిపోర్టు శుక్రవారం ఇస్తారంట. మధ్యలో ఈ గురువారం ఎవడు పెట్టాడో.

జూలై 12, శుక్రవారం

శ్యాంబాబు. పేరు శ్యాంబాబు. ఊరు ద్రాక్షారామం. వాళ్ళమ్మగారూ ఆయనా, అంతే. ఇదంతా నేను అడగలేదు, ఆయనే చెప్పారు. అంటే కొంచెం అడిగాను.

రిపోర్టు కాగితం ఇంత పొడుగుంది. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఒక్కో అక్షరం. ఆర్ అని ఉంటే ఆ మందుకి కంట్లో చేరిన పురుగు లొంగదంట, ఎస్ అని ఉంటే లొంగుతుందంట. పైనించి కిందిదాకా ఆర్, ఆర్, ఆర్. మా నీలం మూత సీసా మందుకి కూడా ఆర్. అట్టడుగున ఎక్కడో ఒకే ఒక్క ఎస్. ఆ ఎస్ ఎవరి పేరులో మొదటి అక్షరమో నేను వేరే చెప్పక్కర్లేదు. చూడగానే నవ్వొచ్చింది. ఆయన ఏంటండి నవ్వుతున్నారు, ఇది నవ్వే రిపోర్టు కాదండి అన్నారు పాపం.

పురుగు ఇంత మొండిది ఎలా అయిందని అడిగాను. సగం సగం మందు వేసి ఆపేస్తే చావగా మిగిలినవి గట్టిపడతాయండి అన్నారు. మేము మొక్కని ముదరబెట్టినట్టా అన్నాను. అదేంటండి అన్నారు. అప్పుడు చెప్పాను. లారీ ఎక్కించే ముందు మొక్కని నీడలోంచి ఎండలోకి లాగుతాం, నీళ్ళు తగ్గిస్తాం. చచ్చేంత కాదు, బాధపడేంత. అలా కొన్నాళ్ళు పెడితే గుజరాత్ ఎండలో దించినా నిలబడుతుంది. ఆయన పెన్ను కింద పెట్టేసి, ఇంత చక్కగా మాకు కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదండి అన్నారు. నేను మెట్లు దిగానో ఎగిరానో గుర్తులేదు.

అంటే మా వరస ఇళ్ళన్నీ కలిసి ఆ పురుగుని ముదరబెట్టాం. మహా ముదురు పురుగు.

డాక్టరుగారు ఆ ఒక్క ఎస్ మందునే ఆసుపత్రిలో ప్రత్యేకంగా కలిపి ఇచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టాలి, గంటకోసారి వెయ్యాలి. మాకు ఫ్రిజ్ ఎక్కడిది. దొరబాబుగారి ఆఫీసు ఫ్రిజ్‌లో మజ్జిగ ప్యాకెట్ల పక్కన పెట్టాను. పగలు పిల్లని నర్సరీకి తెచ్చుకోమన్నారాయన. ఫోనులో అలారం పెట్టాను. అది మోగితే సంచుల్లో మట్టి నింపే ఆడాళ్ళందరూ ఒక్కసారి, దుర్గాశ్రీ, చుక్కలూ అని అరుస్తున్నారు.

జూలై 14, ఆదివారం

పొద్దున్న మా అమ్మ సూర్యకాంతమ్మ భవ్య కన్ను రెప్పలు విడదీసి చూసి, పువ్వు పడకుండా ఉంటే చాలు తల్లీ అంది. అంతే, దొంగమొహం ఆ మాట పట్టేసుకుంది. నా కంట్లో పువ్వు పూస్తదా పిన్నీ? ఏం పువ్వు? బంతా, చామంతా? నర్సరీ పిల్ల కదా, పేర్లన్నీ వచ్చు. నేను లిల్లీ అన్నాను. లిల్లీ వద్దంట, గులాబీ కావాలంట.

నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడి చూపు పోతే దాన్ని పువ్వు అని ఎవరన్నారో గాని, వాడి నోరు పడిపోను. ఎంత అందమైన పేరు పెట్టాడు.

అంగన్‌వాడీ టీచరు మెర్సీగారు ఇంటికొచ్చి మరీ భవ్యకి రావలసిన కోడిగుడ్డు ఇచ్చి వెళ్ళారు. అది ఒక్క ముక్క కొరికి ఊసింది. గుడ్డు పారేస్తామా, నేనే తిన్నా.

జూలై 18, గురువారం

తగ్గింది! పుసి లేదు, ఎరుపు సగానికి సగం పోయింది. నిద్ర లేవగానే రెండు కళ్ళూ తెరిచింది. అమ్మయితే తొలేకాదశినాడు దణ్ణం పెట్టుకున్నాను, అందుకే అంటోంది. అనుకోనీ. ఎస్ దయ.

మా వరసలో వాళ్ళంతా వచ్చి, అబ్బ, ఎంత తెల్లగా అయిందో కన్ను అని ఒకరి తర్వాత ఒకరు. వాళ్ళు వెళ్ళగానే అమ్మ దిష్టి తీసి, స్నానం చేయించి, బుగ్గ మీద చుక్క, రెండు కళ్ళకీ కాటుకా పెట్టింది. జబ్బులో ఉన్నన్నాళ్ళూ పెట్టలేదు కదా, మొహం బోసిపోయింది పిల్లకి, ఇప్పుడు మళ్ళీ చందమామలా ఉంది. కన్ను బాగుపడ్డప్పుడే కదా దిష్టి తగిలేది. పైగా అమ్మ కాటుక కళ్ళకి చలవ. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి పట్టిన మసి, వెన్నతో నూరి భరిణెలో పెడుతుంది. మా అమ్మమ్మ నాటి భరిణె అది. ఇంటిల్లిపాదికీ అదే.

రేపు ఆసుపత్రి. నేనూ పెట్టుకుంటాను. ఏ చీర?

జూలై 19, శుక్రవారం

పొద్దున్న గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి భవ్య కళ్ళు శుభ్రంగా తుడిచాను, డాక్టరుగారు చెప్పినట్టే. నాకు మాత్రం నిండుగా కాటుక పెట్టుకున్నాను. రెబెక్కాగారు కన్ను చూసి, బాగా వేస్తున్నారమ్మా మందు, ఇలాగే వెయ్యండి అన్నారు. ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాను. శ్యాంబాబుగారు నన్ను చూసి ఏదో అనబోయి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు. ఏం అనబోయారు? ఏం అనబోయి ఉంటారు?

వచ్చేటప్పుడు ఆటో బ్రిడ్జి పక్కనించి వచ్చింది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. భవ్య చూసి, గోదారికి కళ్ళకలక వచ్చిందా పిన్నీ అంది. ఆటోలో అందరూ నవ్వారు.

గుడ్డు నేనే తిన్నా. అది పుల్ల ఐసు తింది కదా, కడుపు నిండిపోయింది.

జూలై 23, మంగళవారం

మళ్ళీ ఎర్రగా ఉంది.

జూలై 24, బుధవారం

పుసి. రెప్పలు అంటుకుపోయాయి. వెలుతురు చూడలేక నా జాకెట్లో మొహం దాచుకుంటోంది. ఒక్క చుక్క కూడా మానలేదు. అలారం మోగడం, వాళ్ళు అరవడం, నేను పరిగెత్తడం. ఒక్కటీ మానలేదు.

ఇవాళ లారీలో ఎక్కించిన సరుకు బొప్పాయి, ములగ. భవ్య నీడలో కూర్చుని కన్ను మూసుకుని, ఆ చెట్లు ఎక్కడికెళ్తున్నాయి పిన్నీ అంది. మహారాష్ట్ర అన్నాను. రెబెక్కాగారు మొన్న దీనికి ములగాకు, బొప్పాయి, గుడ్డు పెట్టమన్నారు. లారీ వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

జూలై 27, శనివారం

రెబెక్కాగారి మొహం చూస్తే భయమేసింది. పుండు లోపలికి దిగుతోందంట. ఇంకా దిగితే గుడ్డు చితికిపోవచ్చు, కన్నే ఉండకపోవచ్చు. చితక్కపోయినా మధ్యలో పువ్వు పడితే ఆ కంటికి ఇంక చూపుండదు. ఆసుపత్రిలో చేర్చమన్నారు. కళ్ళకి సాయంగా ఎ విటమిన్ మందు కూడా నోట్లో పోశారు.

మళ్ళీ దూదిపుల్ల తీశారు, మళ్ళీ పరీక్ష చేస్తారంట. తర్వాత డాక్టరుగారు తలుపు వేసి అడిగారు. మందు నిజంగా వేస్తున్నారా అమ్మా, తిట్టను, చెప్పు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వేస్తున్నానండీ అని అరిచాను. డాక్టరుగారి మీద! కంట్లో ఇంకేమీ వెయ్యట్లేదు కదా అన్నారు. మా అక్క మీద ఒట్టండి, ఏమీ వెయ్యట్లేదు అన్నాను.

మంచం మీద కూర్చుని అది, పువ్వు పూసిందా పిన్నీ అంటోంది. లేదే అన్నాను. మొగ్గేసిందా అంది. దేవుడా.

అక్కకి ఫోను చేసి, కొంచెం ఎర్రగా ఉంది, అంతే అన్నాను. అక్కకి ఐసుముక్కల్లో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు కొంకర్లు పోయాయంట. ఆ మనిషికి ఇంకేం చెప్తాను?

శ్యాంబాబుగారు పిల్లకి దూదితో కుందేలు చేసిచ్చారు. ఇంత ఏడుపులోనూ నాకు సంతోషమేసింది. నేను మనిషినేనా?

ఆగస్టు 1, గురువారం

రిపోర్టు. అదే పురుగు. అదే ఒక్క ఎస్. అంటే మందు పని చేస్తోంది, పురుగు లొంగుతోంది, అయినా మళ్ళీ వస్తోంది. ఎక్కణ్ణించి వస్తోంది? డాక్టరుగారికీ అర్థం కాలేదు. ఇంట్లో ఇంకెవరికైనా కళ్ళకలక ఉందా అన్నారు. ఎవరికీ లేదండి. నా కళ్ళు పొద్దున్న కొంచెం మండుతున్నాయి గాని అది ఏడవడం వల్ల. ఫోను ఎక్కువ చూడ్డం వల్ల కూడా. ఆసుపత్రి గోడ మీది ఫ్యాను గాలికీ మండుతాయి.

ఇక్కడ చేరాక మళ్ళీ తగ్గుతోంది. చేర్చిన మూడో రోజుకే తేడా. ఇంటి నీళ్ళు పడలేదేమో అంటోంది అమ్మ.

ఆగస్టు 4, ఆదివారం

ఇంటికి పంపేశారు! కన్ను తెరిచి నర్సులందరికీ టాటా చెప్పింది. పుండు మానుతోందంట. రేపొక్కసారి చూపించి వెళ్ళమన్నారు. రేపటినించి శ్రావణం. అమ్మ పిల్లకి తలంటి, పట్టు లంగా వేసి, సాయంత్రం కాటుక పెట్టబోతే అది నా కాళ్ళ వెనక దాక్కుంది. పిన్నికి పెట్టాకే నాకు అంది. సరే అని అమ్మ వేలుతో భరిణెలోంచి తీసి ముందు నాకు, తర్వాత దానికి. ఇద్దరం అద్దంలో చూసుకున్నాం. శ్యాంబాబుగారికి చూపిద్దామా అంది, ఎవరు నేర్పారో ఈ బుద్ధులు.

నాకు ఇవాళ పట్టరానంత ఆనందంగా ఉంది. ఎందుకో నన్నడక్కు డైరీ.

ఆగస్టు 5, సోమవారం

నెమ్మదిగా రాస్తాను. లేకపోతే రాయలేను.

పొద్దున్న దాని కళ్ళు తుడిచాను, నేను కాటుక దిద్దుకున్నాను, వెళ్ళాం. డాక్టరుగారు ఇంకా రాలేదు. శ్యాంబాబుగారు ల్యాబు బయట బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నేల చూస్తూనే ఒక్క గుక్కలో అన్నారు:

"మీ కాటుక చాలా బాగుంటుందండి. ఆ రోజే చెబుదామనుకున్నాను. ఏ కంపెనీ అండి?"

ఇరవై రెండేళ్ళుగా ఎవరూ అనని మాట. గాల్లో ఉన్నాను. ఆ గాల్లోంచే గొప్పగా చెప్పాను, కంపెనీ కాదండి, మా అమ్మ చేతిది, మా ఇంట్లో అందరికీ అదే, భవ్యకి కూడా రోజూ సాయంత్రం అదే పెడతాం అని.

ఆయన మొహంలో నవ్వు ఎక్కడ ఆగిందో నేను చూశాను.

"భవ్యగారికా? కంటికా?" అన్నారు.

ఆయ్, కాస్త తగ్గగానే పెడతామండి, దిష్టికి, చలవకి అంటూనే ఉన్నాను. నోరు చెప్పుకుపోతోంది, బుర్ర వెనకాల వస్తోంది. తగ్గగానే పెడతాం. పెట్టాక వస్తుంది. ఆసుపత్రిలో పెట్టలేదు. ఆసుపత్రిలో తగ్గింది. నిన్న పెట్టాం.

ఆయన లోపలికి వెళ్ళి దూదిపుల్ల తెచ్చి, పైకి చూడండి దుర్గాశ్రీగారూ అన్నారు. నా కంటి కాటుక తీసుకున్నారు. ఇలా ఆయన నా కళ్ళలోకి చూస్తారని కలలు కన్నాను నేను. వెంటనే ఇంటికెళ్ళి భరిణె తెమ్మన్నారు.

తెచ్చి ఇచ్చాను. అమ్మకి ఏం చెప్పలేదు. ఆసుపత్రిలో వాళ్ళకి నచ్చిందంట, చూస్తామన్నారంట అన్నాను. అమ్మ మురిసిపోయి భరిణె చీరకొంగుతో తుడిచి ఇచ్చింది.

ఆగస్టు 6, మంగళవారం

కాకపోతే బాగుణ్ణు.

ఆగస్టు 8, గురువారం

అదే పురుగు. నా కంట్లో అదే, భరిణెలో అదే. అక్షరం కూడా తేడా లేదు. దాని కంటికి పెట్టిన వేలే మళ్ళీ భరిణెలో ముంచేవాళ్ళం కదా. పైనించి కిందిదాకా ఆర్, అడుగున ఒక్క ఎస్. ఈసారి నవ్వు రాలేదు.

రెబెక్కాగారు తిడతారనుకున్నాను, తిట్టించుకుందామనే వెళ్ళాను. ఆవిడ తిట్టలేదు. కంట్లో ఇంకేమైనా వేస్తున్నారా అని నేను అన్నిసార్లు అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు.

"కాటుక వెయ్యంగదండీ," అన్నాను. "పెడతాం."

మందు వేస్తాం, చుక్కలు వేస్తాం, పసరు వేస్తాం. కాటుక పెడతాం, బొట్టు పెడతాం, పూలు పెడతాం. వేసేది వైద్యం, పెట్టేది ముచ్చట. ముచ్చటని లెక్కలో ఎవరు చెప్తారు? నేను అబద్ధం చెప్పలేదు. అక్క మీద ఒట్టు కూడా అబద్ధం ఒట్టు కాదు. డాక్టరుగారు నుదురు పట్టుకుని, నేను పెడుతున్నారా అని అడగలేదు, తప్పు నాది కూడా, ఇక నించి రెండూ అడుగుతాను అన్నారు.

ఒక్కటి అడిగాను. అదే కాటుక, అదే వేలు, అదే పురుగు. నాకు ఉత్త మంట, దానికి పుండు. ఎందుకండి అన్నాను.

నీ ఒంట్లో బలముందమ్మా, దాని ఒంట్లో లేదు అన్నారావిడ. తట్టు పోసి ఉన్నదంతా ఊడ్చుకుపోయింది, తర్వాత తిండి లేదు, కన్ను తనని తాను కాపాడుకోలేకపోయింది. గుడ్డు పెట్టమన్నాను కదా, రోజూ పెడుతున్నావా అన్నారు.

తింటుందండి అని నోటిదాకా వచ్చింది. అబద్ధం ఆడలేదని ఇప్పుడే కదా అనుకున్నాను. నేను తింటున్నానండి అని చెప్పాను. వెనక్కి తిరిగి చూస్తే రిపోర్టు పట్టుకుని గుమ్మంలో శ్యాంబాబుగారు. వినే ఉంటారు.

అయిపోయింది. ఆ ఎస్ కూడా అయిపోయింది.

ఆగస్టు 9, శుక్రవారం

అమ్మకి చెప్పాను. ముందు నమ్మలేదు, మా అమ్మ నాకు పెట్టింది, నేను మీకు పెట్టాను, మీ కళ్ళు పోయాయా అంది. తర్వాత భవ్య కన్ను చూసింది. నేను ఆసుపత్రి నించి వెనక్కి తెచ్చిన భరిణెని పొయ్యిలో పడేసి, మూత కూడా పడేసి, అది ఎర్రగా కాలుతున్నంతసేపూ అక్కడే కూర్చుంది. అన్నం తినలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం కలిసి ఏడ్చాం, ఏడవగా ఏడవగా చివర్లో ఎందుకో నవ్వొచ్చేసింది. కాటుక పెట్టుకుని ఉంటే ఇద్దరం దెయ్యాల్లా ఉండేవాళ్ళం అంది అమ్మ.

అక్కకి ఫోనులో మొత్తం చెప్పాను. ఫ్యాక్టరీలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. అక్క, నాకు కూడా అమ్మే పెట్టేది, వచ్చేటప్పుడు నేనే దాని కళ్ళకి పెట్టమని చెప్పి వచ్చాను కదే అంది. తిడితే బాగుండేది.

ఆగస్టు 12, సోమవారం

గుడ్డు యుద్ధం. ఉడికించి పెడితే ఊసింది. అట్టు వేస్తే ఊసింది. పులుసులో వేస్తే పులుసు తాగి గుడ్డు నాకిచ్చింది, పిన్ని గుడ్డు పిన్నికి అంటూ. అలవాటు నేను చేసిందేగా.

ఆగస్టు 13, మంగళవారం

గెలిచాను. గుడ్డు మెత్తగా చిదిపి, ములగాకు, నెయ్యి, అన్నం కలిపి, దాని ముందు వంగి కూర్చుని, భవ్యగారూ, ఒక్కసారి నోరు తెరవండి, పైన బల్లి ఉంది అన్నాను. తెరిచింది. బల్లి లేదే అంది నోటినిండా అన్నంతో. మొత్తం తిన్నది. మొత్తం! గుడ్డు నేను తినలేదు.

గుడ్డు యుద్ధంలో ఆయన మాటే పనికొచ్చింది, ఆయన మాత్రం ఇంక పలకరించరు.

ఆగస్టు 17, శనివారం

దొరబాబుగారు ఒక బొప్పాయి మొక్క, రెండు ములగ మొక్కలు మా ఇంటి వెనక పాతించారు. ఇవి లారీ ఎక్కవమ్మా అన్నారు. మా వరసలో నీలం మూత సీసాలు ఎవరి దగ్గర ఉన్నాయో అన్నీ అడిగి తెచ్చి ఆసుపత్రిలో ఇచ్చేశాను. ఇవ్వనన్న వాళ్ళకి ముదరబెట్టడం గురించి చెప్పాను. నర్సరీ ఊళ్ళో అది చెప్తే చాలు, చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

కన్ను తెల్లబడింది. ఎరుపు లేదు. కాని నల్లగుడ్డు మీద ఏదో కనిపిస్తోంది, పొగలాగా. అమ్మ చూసి అవతలికి వెళ్ళిపోయింది. నేనూ చూడనట్టే ఉన్నాను. శుక్రవారం డాక్టరుగారు పరీక్ష చేసి తేలుస్తారు. దాని కుడికంటికి చూపుందో లేదో.

ఆగస్టు 22, గురువారం

ఏం రాయను. రేపు.

ఆగస్టు 23, శుక్రవారం

రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా.

మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, బోసికళ్ళతో వెళ్ళాను. అక్క కూడా సెలవు పెట్టి వచ్చింది, వేళ్ళకి పసుపు రాసుకుని. రెబెక్కాగారు మిషన్లో చూసి చూసి, పువ్వు పడిందమ్మా అన్నారు. అక్క గోడకి ఆనుకుపోయింది. చిన్నది, నువ్వుగింజంత అన్నారు. మధ్యలో కాదు, ఓ పక్కన. చూపుకి అడ్డం వచ్చిందో రాలేదో దూరం పెట్టి చూడాలి.

భవ్య మాత్రం, పూసిందా! అంది. ఏం పువ్వు అంది.

దానికి అక్షరాలు రావు కదా. అందుకని ఎడంకన్ను గట్టిగా మూసి కట్టేసి, కుర్చీలో కూర్చోబెట్టి, పొడుగాటి గది ఆ చివర నన్ను నిలబడమన్నారు. నువ్వు మాట్లాడకూడదు, కదలకూడదు, అదే చెప్పాలి అన్నారు. నిలబడ్డాను. గుమ్మంలోంచి ఎవరో వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను చూడలేదు. నాకు అది తప్ప ఏమీ కనపడలేదు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు, అక్క ఊపిరి. చూపు లేదంటే అక్క మొహం ఎలా చూస్తాను, అమ్మకి ఏం చెప్తాను, దానికి పెద్దయ్యాక ఏం చెప్తాను, ఇవే తిరుగుతున్నాయి.

రెబెక్కాగారు దాని భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా ఏం కనపడుతోందమ్మా అన్నారు.

అది మెడ ముందుకి పెట్టింది. పువ్వున్న కన్ను చిట్లించింది. పిన్ని అంది. అది ఊహించి కూడా చెప్పొచ్చని డాక్టరుగారు, ఇంకా అన్నారు. అది ఇంకా చూసింది. నవ్వింది. అప్పుడు గదంతా వినపడేట్టు చెప్పింది:

"పిన్ని శ్యాంబాబుగారి చెయ్యి పట్టేసుకుంది."

కిందికి చూసుకున్నాను. నిజమే. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలీదు. గోళ్ళు దిగేంత గట్టిగా పట్టుకున్నాను. ఆయన పాపం ఉలకలేదు పలకలేదు, అలాగే నిలబడి ఉన్నారు. అక్క ఏడుస్తూ నవ్వుతోంది, నర్సులు నవ్వుతున్నారు, రెబెక్కాగారు మళ్ళీ నవ్వారు. చూపు ఉంది అని కాగితం మీద రాసుకున్నారు.

నేను చెయ్యి తియ్యలేదు.